'నిరూపించు' గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ 'నిరూపించు' క్రియగారి సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. ఆధారం ఏదీ అని అడక్కండి, ఉత్తరాల్లో అలా రాయడం రివాజు.

ఒకప్పుడు మాట అన్నవాడే "నిరూపిస్తాను" అని లేచి, కాగితమో సాక్షినో పట్టుకొచ్చేవాడు. మీ ఆ రూపం ఈమధ్య ఎక్కడా కనబడటం లేదు. మైకు ముందు "నిరూపిస్తే రాజకీయ సన్యాసం తీసుకుంటా". టీవీ చర్చలో "దమ్ముంటే నిరూపించు". వాట్సాప్‌లో "శాస్త్రీయంగా నిరూపించబడింది". ఈ చివరిదంటే నాకు మరీ ముచ్చట. ఇంట్లో ఎవరమూ "అన్నం తినబడింది" అనం. మరి ఇక్కడ ఆ 'బడు' ఎందుకయ్యా అంటే, నిరూపించిన మహానుభావుడు ఎవరో చెప్పే పని తప్పుతుంది.

నవంబరులో మా బాబాయి రాగిచెంబు నీళ్ళతో షుగర్ మాయమని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. నిరూపించబడిందట. "ఎవరు నిరూపించారు బాబాయ్?" అన్నాను. "కాదని నువ్వు నిరూపించరా" అన్నారు. 1872 నాటి సాక్ష్య చట్టం 101వ సెక్షన్ నిరూపించే బరువును చెప్పినవాడి నెత్తినే పెట్టింది. 2024 జులై 1న కొత్త చట్టం వచ్చాక ఆ సెక్షన్ నంబరు 104 అయింది గానీ, బరువు ఆ నెత్తి మీదే ఉంది. ఈ మాట చెప్పగానే బాబాయి "పెద్దవాళ్ళ దగ్గరా లా పాయింట్లు" అని అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. పిన్ని మళ్ళీ చేర్చింది. చెంబు అక్కడే ఉంది.

బాబాయి జోలికి వెళ్ళని మీరు మా నాన్న మీద మాత్రం బాగానే ప్రతాపం చూపించారు. అదీ వెనకాల 'కొను' తగిలించుకుని. గొంతున్నవాడు ఎదుటివాణ్ణి "నిరూపించు" అంటాడు, లేనివాడు తనంతట తనే నిరూపించుకోవాలి. అదే వారం నాన్న తాను బతికే ఉన్నానని నిరూపించుకోవాల్సి వచ్చింది, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం. డెబ్బై ఎనిమిదేళ్ళ వేలు, గీతలన్నీ అరిగిపోయాయి. "తుడుచుకుని మళ్ళీ పెట్టండి పెద్దాయనా" అన్నాడు మిషన్ దగ్గర కుర్రాడు. లాల్చీకి తుడిచారు, పెట్టారు, నొక్కారు. నాలుగోసారీ పడలేదు. మనిషి ఎదురుగా కూర్చుని దగ్గుతున్నాడు, ఆ దగ్గు సాక్ష్యం కిందికి రాదట. చివరికి కళ్ళద్దాలు తీయించి, కనుపాప చూసి మిషన్ ఒప్పుకుంది. ఆటోలో నాన్న అడిగారు: "నిరుడు కూడా బతికే ఉన్నాను కదరా?"

ఒక్క మనవి. నవంబరులో మీకు రద్దీ ఎక్కువని తెలుసు. తీరిక చేసుకుని ఒక పూట మా బాబాయి ఇంటికి కూడా వెళ్ళండి. నీళ్ళు రాగిచెంబుతోనే ఇస్తారు.

ఇట్లు,
మీ విధేయుడు.

తా.క. ఈ ఉత్తరం రాసింది నేనేనా అని మీకు అనుమానం రావచ్చు. ఆధార్ జిరాక్స్ జతచేశాను, రెండు వైపులా.