చావింట్లో రోమా 9 తియ్యకండి

వందనాలు అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి.

మన సిక్కోలు (శ్రీకాకుళం) క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య కాల్వినిజం, ఆర్మీనియనిజం గొడవ బాగా ముదిరిపోయింది. ఎవరు రక్షణ పొందాలో దేవుడే ముందుగా ఏర్పరచుకున్నాడనేది కాల్విన్ వైపు, దేవుడి కృపని ఒప్పుకునే, కాదనే స్వేచ్ఛ మనిషికుందనేది ఆర్మీనియస్ వైపు. యూట్యూబ్‌లో డిబేట్లు చూసొచ్చి ఒకరు బైబిల్లోంచి ఎఫెసీ 1 పెడతారు, జగత్తు పునాది వెయ్యకముందే మనల్ని ఏర్పరచుకున్నాడు కదా అని, ఇంకొకరు వెంటనే 1 తిమోతి 2:4 పెడతారు, అందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడు కదా మరి దానికేటంటావ్ అని. అర్ధరాత్రి దాకా అదే. వాదించుకోనీండి, ఆ వంకనైనా వాక్యం చదువుతున్నారు. నా బాధల్లా ఆ సిద్ధాంతాన్ని తీసుకెళ్ళి చావింట్లో వాడుతున్నారే, దాని గురించి.

మా పిన్ని వాళ్ళది కవిటి దగ్గర. చిన్నాన్న కిడ్నీ జబ్బుతో పోయారు. ఇంటింటా కిడ్నీ జబ్బు కనబడే మా ఉద్దానంలో ఆ మాట చెప్తే ఎలాగని ఎవరూ అడగరు కూడా. కొబ్బరి తోటల్లో పనిచేసిన మనిషి, ఆఖర్లో డయాలసిస్ సూదులు గుచ్చి గుచ్చి ఎడమ చెయ్యి మోచేతి దాకా ఉబ్బిపోయి ఉండేది, పొడుగు చేతుల చొక్కాతో కప్పుకునేవారు. ఆదరణ కూడికలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, ఈ రోజు దేవుడు ఎప్పుడో నిర్ణయించేశాడు, ఏడవడం అవిశ్వాసం అన్నారు. ఆయన కూర్చోగానే ఇంకొకాయన లేచి, విశ్వాసంతో ప్రార్థన చేసుంటే స్వస్థత దొరికేది అన్నారు. ఒకే టెంటు కింద. ఎవరికీ ఏమీ అనిపించలేదు! పిన్ని మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి అడిగింది, "ఓరి నాయినా, దేవుడే ముందు రాసీసినాడంతన్నారు, మల్లీ నా పార్దన సాల్లేదంతన్నారు, రెండిట్లో ఏది నిజంరా?"

రెండూ కాదు పిన్నీ అన్నాను. ఇప్పుడూ అదే అంటాను.

ఎఫెసీ 1లో పౌలు మాట్లాడుతున్నది క్రీస్తులో రక్షణ గురించి, మనకి పుత్రత్వం ఇవ్వడం గురించి. ఎవరికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంత పెరగాలో అక్కడ రాసిలేదు. సరే, దేవుని ఏలుబడిలో లేనిది ఏదీ లేదు, ఒప్పుకుంటాను, కాల్విన్ కూడా అదే అన్నాడు. కానీ అదే కాల్విన్ ఇన్‌స్టిట్యూట్స్ అనే తన పుస్తకంలో ఇంకో మాట కూడా రాశాడు, మన ఆయుష్షుకి హద్దు పెట్టిన దేవుడే దాన్ని కాపాడుకునే బాధ్యత, దానికి కావలసిన సాధనాలు మనకిచ్చాడని. అది ఎవరూ స్టేటస్ పెట్టరు. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో పరిశోధనల్లో ఇంకా గట్టిగా తేలలేదు, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్ మొదలైంది, అలాంటి చోట నిలబడి అంతా రాసిపెట్టిందే అని చెప్తే మంచి నీళ్ళ కోసం, టెస్టుల కోసం అడిగే నోళ్ళు మూతపడిపోతాయి. మన ఊళ్ళల్లో తలరాత అనే మాట చిన్నప్పట్నుంచీ వింటున్నదే, దానికి బైబిల్ అట్ట వేసి మళ్ళీ అమ్మితే ఎలాగండి.

1618-19లో డోర్ట్ సినడ్ జరిగింది, ఆర్మీనియస్ శిష్యుల్ని ఖండించిన సభ అది, ఏర్పాటు, అంటే దేవుడు ముందే ఎంచుకోవడం అనే విషయంలో ఎంత గట్టివాళ్ళో చూడండి. వాళ్ళు కూడా తమ తీర్మానాల్లో, పసితనంలో బిడ్డ పోయిన భక్తిగల తల్లిదండ్రులు ఆ బిడ్డ రక్షణ గురించి సందేహపడొద్దని ఒక ఆర్టికల్ ప్రత్యేకంగా రాశారు. కాల్విన్ వైపువాళ్ళదే 1646 నాటి విశ్వాస ప్రకటన, వెస్ట్‌మిన్‌స్టర్ ఒప్పుకోలు, అదైతే ముందు నిర్ణయమనే ఈ మర్మాన్ని చాలా జాగ్రత్తగా బోధించాలని నేరుగా చెప్పింది. అవతలి వైపు మెథడిస్టు బోధకుడు వెస్లీ, 1739లో ముందు నిర్ణయానికి వ్యతిరేకంగా ప్రసంగం అచ్చేసి, దాన్ని నమ్మే తన స్నేహితుడు, తోటి బోధకుడు విట్‌ఫీల్డ్‌తో తెగేదాకా తెచ్చుకున్నాడు, అయినా 1770లో విట్‌ఫీల్డ్ పోతే లండన్‌లో సంతాప ప్రసంగం చేసింది ఆ వెస్లీయే. అంత వాదించుకున్నవాళ్ళకే చావు దగ్గర ఎలా మాట్లాడాలో తెలుసు.

ఇక ప్రార్థన చాల్లేదన్నాయన. లూకా 13 చదవండయ్యా, సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోతే వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులా అని యేసు ప్రభువే అడిగి కాదన్నాడు. యోహాను 9లో గుడ్డివాడి విషయంలోనూ అంతే. పోయినవాళ్ళ ఇంటికొచ్చి లెక్కలు తియ్యడం ఆయన చెయ్యలేదు.

నన్నడిగితే నేను ఆర్మీనియస్ వైపే, కృప ముందు వస్తుంది, కాదనే స్వేచ్ఛ మనిషికుంది, మత్తయి 23:37లో నేను కోరాను, మీరు ఒప్పుకోలేదు అని ప్రభువు అన్న మాట నాకు చాలు. మీరు ఒప్పుకోకపోతే గ్రూపులో మాట్లాడుకుందాం.

కూడిక అయ్యాక ఆ పెద్దాయన దగ్గరకెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయన రోమా 9:20 తీశారు, దేవుడికి ఎదురు చెప్పడానికి నువ్వెవడివి అని. అయ్యా, 20 నుంచి కాదు, 1 నుంచి చదవండి అన్నాను. తన జనం కోసం గుండెలో మానని దుఃఖం ఉందని, వాళ్ళ కోసం తానే శాపగ్రస్తుడైనా పర్లేదని పౌలు ఆ అధ్యాయం మొదలుపెట్టాడు, అంటే ముందు ఏడ్చాడు. 10వ అధ్యాయం మొదట్లో వాళ్ళ రక్షణ కోసం ప్రార్థన చేస్తున్నానన్నాడు, ఎలాగూ తేలిపోయిందని ఊరుకోలేదు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు, ఏమీ అనలేదు. వచ్చే నెల చిన్నాన్న జ్ఞాపకార్థ కూడిక ఉంది, ఈసారి వాక్యం నేను చదువుతానని అయ్యగారికి చెప్పేశాను.