కొత్త లోడర్లు ఎందుకు నిలవరు?

పార్సిల్ గోదాముల్లో ట్రక్కుల్లోకి పెట్టెలు ఎక్కించే కొత్త లోడర్లు మానేయడానికి జీతమే కారణమని ఒక వ్యాసంలో రాశారు. జీతం ముఖ్యమే. కానీ మొదటి వారంలోనే వెళ్లిపోయేవాళ్లని తరిమేది శిక్షణ తీరు అని నా గట్టి అభిప్రాయం. వీడియో చూపించి, అదే రోజు పూర్తి వేగంతో పెట్టెలు తెచ్చే బెల్టు దగ్గర నిలబెడితే ఎవరైనా బెదిరిపోతారు.

ముందు ఖాళీ ట్రక్కులో గోడ కట్టడం, అంటే పెట్టెల్ని గోడలా పేర్చడం నేర్పండి. బరువైన, గట్టి పెట్టెలు అడుగున, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. పై వరసలో ప్రతి పెట్టె కింది రెండిటి అతుకు మీద కూర్చోవాలి. అతుకులన్నీ ఒకే నిలువు గీతలో ఉంటే దారి కుదుపులకి గోడ విడిపోయి, అవతల తలుపు తీసినవాళ్ల మీద పడుతుంది. మెత్తటి కవర్లు పై సందుల్లోకే.

"నడుం జాగ్రత్త" అంటే చాలదు. పనివాళ్ల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉంటేనే ఎత్తే బరువు పరిమితి 23 కిలోలు. చీలమండల నుంచి చేతుల దాకా అడ్డంగా దూరం 25 సెంటీమీటర్లు దాటితే అది తగ్గుతూ, 50 దగ్గర సగమవుతుంది. పెట్టెని ఒంటికి ఆనించి పట్టుకోవాలి, తిరిగేటప్పుడు పాదాలు తిప్పాలి.

వేడి ఎక్కువున్న చోట కొత్తవాళ్లకి మొదటి రోజు 20 శాతం పనే ఇచ్చి, రోజుకి మరో 20కి మించకుండా పెంచమని కూడా నియోష్ చెబుతుంది. ఎండకి కాగిన ట్రక్కులో ఇది తప్పనిసరి.

నేర్పే సీనియర్ టార్గెట్ కూడా ఆ వారం తగ్గించాలి. లేకపోతే నేర్పకుండా తనే లోడ్ చేసేస్తాడు.