ఎనిమిది తిప్పితే బండి నడపడం వచ్చినట్టేనా?

మా అనంతపురంలో ఇంటర్ పాసైన అబ్బాయికి ముందు కావలసింది బండి. లైసెన్సు ఆ తర్వాత, అదీ సప్తగిరి సర్కిల్ దగ్గర పోలీసులు ఆపుతారన్న భయంతో.

ఈ మధ్య మా మేనల్లుడి వెంట టెస్టుకు వెళ్లాను. నేల మీద సగం చెరిగిపోయిన తెల్ల గీతలతో ఎనిమిది అంకె. మొదటి గేరులో, క్లచ్ సగం పట్టి, నడిచే మనిషి కన్నా నెమ్మదిగా దాని మీద తిరిగి రావాలి. కాలు కింద పెట్టకూడదు. వాడు పెట్టలేదు, పాసయ్యాడు. బ్రేకు వేయమన్నవారు లేరు, అద్దం చూశావా అని అడిగినవారు లేరు.

ఎనిమిది దండగ అనను. పాతూరు సందుల్లో ఆ బ్యాలెన్సు పనికొస్తుంది. కానీ ఆ కార్డుతోనే వాడు రాప్తాడు వైపు 44వ జాతీయ రహదారి ఎక్కుతాడు. యూటర్న్ దూరమని ఎదురొచ్చే ట్రాక్టర్లు, వెనక లైటు లేకుండా అంచున ఆపిన లారీలు అక్కడే ఉంటాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లు దాటి పోతుంది. గేదె అడ్డం వచ్చిందని గ్రహించి చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపే ఆ దూరం అయిపోతుంది.

తర్వాత ఏం చేయాలో మనవాళ్లు నేర్పేది ఒకటే: "ముందు బ్రేకు ముట్టుకోకు, బండి పల్టీ కొడుతుంది." తరతరాల తప్పుడు పాఠం. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని కాలితో తొక్కిపెడితే అది బిగుసుకుపోయి పక్కకు జారుతుంది. బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. ఒక్కసారిగా లాగకుండా క్రమంగా బిగిస్తూ రెండూ కలిపి వేయాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది), అంతలోపు వాటికి కనీసం కంబైన్డ్ బ్రేకు (ఒకటి వేస్తే రెండు చక్రాలకూ పడేది) తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు కొన్న బండ్లు మన వీధుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వాటి సంగతేమిటి?

నా కోపం అసలు ఇక్కడ. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది తీసి చదవండి. అత్యవసరంగా బండి ఆపగలగడం, సిగ్నల్ ఇచ్చే ముందు అద్దం చూడడం, అన్నీ టెస్టులో ఉండాలని రాసే ఉంది. కొత్త చట్టమేమీ అడగడం లేదు.

ఎల్‌ఎల్‌ఆర్ అనే నేర్చుకునేవారి లైసెన్సు వచ్చాక 30 రోజులు ఆగితే కానీ టెస్టు లేదు. ఆ నెల నేర్చుకోవడానికి ఇచ్చింది. మనకది క్యాలెండరు చూసుకునే నెల. నేర్పేవారిని తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, మన కుర్రాళ్లు ముగ్గురేసి కాలేజీకి పోతారు.

పదో తరగతి పిల్లాడికి తాళం ఇచ్చి "వీధి చివరికే కదా" అనే తండ్రులకు ఒక మాట. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మీకు 25 వేల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

అధికారులను అడిగేది చిన్న పనే. ఎనిమిది పక్కన నేరుగా ఒక దారి గీయండి. 30 వేగంతో వచ్చి, జెండా ఊపగానే బండి ఆపమనండి. జారినవాణ్ని వారం తర్వాత రమ్మనండి. ఏజెంట్లు రేటు పెంచుతారంటారా? పెంచుకోనివ్వండి. జెండా ఊపినప్పుడు బ్రేకు వేయాల్సింది ఏజెంటు కాదు కదా!