మేక మ్యాపు తినేసిన పుస్తకం పేరేమిటి?

ఒక పిల్లవాడు, వాడి వెంట ఒక మేక. ఇద్దరూ పడవలో ఏదో దీవికి వెళ్తుంటారు. దారి చూపించే మ్యాపుని మేక నమిలేస్తుంది. దూరంగా లైట్‌హౌస్. పుస్తకానికి నీలం అట్ట. చివరి పేజీలు చిరిగిపోయి ఉండేవి. ఏడెనిమిదేళ్ల వయసులో చదివిన ఒక పుస్తకం గురించి నా దగ్గర మిగిలింది ఇంతే. పేరు గుర్తులేదు. రాసిందెవరో ఆ వయసులో చూసుకోనే లేదు. కానీ మేక నోట్లోంచి వేలాడుతున్న ఆ కాగితం ముక్క మాత్రం నిన్న చూసినట్టు కళ్లముందు ఉంది. దాదాపు పదిహేనేళ్లు ఆ పుస్తకం కోసం వెతికాను.

పుస్తకాలంటే ఇష్టమున్న ఎవరిని కదిపినా ఇలాంటిది ఒకటి బయటికి వస్తుంది. ఒకరికి గోడలో చిన్న తలుపు గుర్తుంటుంది. ఇంకొకరికి కథలో ఎవరో చనిపోయిన రోజు కురిసిన వాన. చెబుతున్నప్పుడు వాళ్ల గొంతు మారిపోతుంది. పేరు అడగగానే మాట ఆగిపోతుంది. దీన్ని కాలక్షేపం వెతుకులాట అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. మనిషి మొదటిసారి ఒంటరిగా భయపడిందో, ఎవరికోసమో ఏడ్చిందో ఆ పేజీల్లోనే అయి ఉండవచ్చు. ఆ చోటు మళ్లీ చూడాలనిపించడం చాలా సహజం.

నా వెతుకులాట మొదట ఆగిపోయింది లైబ్రరీ క్యాటలాగ్ దగ్గర. పేరు అడిగింది, రచయిత పేరు అడిగింది. నా దగ్గర ఉన్నది మేక. ఇందులో లైబ్రరీ తప్పేమీ లేదు, క్యాటలాగ్ ఎలా పుట్టిందో చూస్తే విషయం తెలుస్తుంది. 1876లో చార్లెస్ కట్టర్ అనే అమెరికన్ లైబ్రేరియన్ క్యాటలాగ్ తయారీకి నియమాలు రాశారు. వాటిలో మొట్టమొదట పెట్టిన లక్ష్యం ఏమిటంటే, రచయిత పేరు, పుస్తకం పేరు, విషయం ఈ మూడింటిలో ఏదో ఒకటి తెలిసిన మనిషికి పుస్తకం దొరికేలా చేయడం. చెక్క సొరుగుల్లో కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చినా, పునాది మాత్రం చాలావరకు అదే. చిన్నప్పుడు చదివినవాడికి ఆ మూడింటిలో మొదటి రెండూ తెలియవు. మూడోదానికొస్తే, కథల పుస్తకాలకి విషయం అంటూ ప్రత్యేకంగా రాయడం తక్కువ. ‘బాలల కథలు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క కింద ఎన్ని వేల పుస్తకాలుంటాయో, వాటిలో మేకలెన్నో!

ఇదే చిక్కు ఇంకొకళ్లకి ఎప్పుడో వచ్చింది. జానపద కథలు సేకరించేవాళ్లకి. నోటి కథకి రచయిత ఉండడు. పేరు చెప్పేవాళ్లని బట్టి మారిపోతుంది. ఒకే కథ పది భాషల్లో పది పేర్లతో కనిపిస్తే అది ఒకటేనని గుర్తుపట్టడం ఎలా? ఫిన్లాండ్ పండితుడు ఆంటి ఆర్నె 1910లో ఒక దారి వేశారు. కథలో ఏం జరుగుతుందో దాన్ని బట్టి కథలని రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ఒక నంబరు ఇచ్చారు. అమెరికన్ పండితుడు స్టిత్ థాంప్సన్ ఆ పట్టికని 1928లో ఒకసారి, 1961లో ఇంకోసారి పెంచారు. 2004లో జర్మన్ పండితుడు హాన్స్ యోర్గ్ ఊథర్ దాన్ని సరిదిద్దారు. సిండరెల్లా కథని ఎవరు ఏ పేరుతో చెప్పినా ఆ పట్టికలో 510ఎ కింద దొరుకుతుంది. థాంప్సన్ అక్కడితో ఆగలేదు. కథల్లో వచ్చే చిన్న చిన్న సంగతులకి కూడా ఆరు సంపుటాల సూచిక తయారుచేశారు. జంతువుల సంగతులు ‘బి’ అక్షరం కింద, మాయలు మంత్రాలు ‘డి’ కింద వస్తాయి. మేక తెలిసి పేరు తెలియనివాడికి కావలసింది సరిగ్గా ఇలాంటిదే.

నా అభిప్రాయం ఇది. చిన్నప్పటి పుస్తకం మన తలలోకి వెళ్లాక అచ్చు పుస్తకంగా ఉండదు, జానపద కథ అయిపోతుంది. రచయిత రాలిపోతాడు, పేరు రాలిపోతుంది, సంగతులు మిగులుతాయి. ఆ మిగిలిన సంగతులు కూడా నోటి కథలో మారినట్టే మారతాయి. దాన్ని అచ్చు పుస్తకం అనుకుని వెతికినంతకాలం దొరకదు.

ఆ మార్పు ఎలా జరుగుతుందో 1932లోనే ఫ్రెడెరిక్ బార్ట్‌లెట్ చూపించారు. ఆయన కేంబ్రిడ్జ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని కొంతమంది చేత చదివించి, తర్వాత గుర్తున్నంతవరకు రాయించారు. కొందరు కొద్దిసేపటికే రాశారు, కొందరు నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా రాశారు. కథ పొట్టిదైపోయింది. చదివినవాళ్లకి అంతుబట్టని భాగాలు జారిపోయాయి. కెనూ అనే సన్నటి తెడ్డు పడవ కాస్తా మామూలు పడవ అయింది. సీల్ జంతువుల వేటకి వెళ్లినవాళ్లు చేపలు పట్టడానికి వెళ్లినవాళ్లయ్యారు. ఎవరూ కావాలని మార్చలేదు. తమకి తెలిసిన ప్రపంచంలో ఇమిడేలా కథని తెలియకుండానే సర్దుకున్నారు.

నా లైట్‌హౌస్ సంగతి కూడా అంతే. ఎట్టకేలకు ఆ పుస్తకం చేతికొచ్చాక మొదటి పేజీ నుంచి చివరిదాకా రెండుసార్లు తిప్పాను. అందులో లైట్‌హౌస్ లేదు. సముద్రం ఉంది, పడవ ఉంది, రాత్రి ఉంది, దీవి ఉంది. ఇన్ని ఉన్నాక లైట్‌హౌస్‌ని నేనే కట్టుకున్నాను. 1995లో హెన్రీ రోడిగర్, కాథ్లీన్ మెక్‌డెర్మాట్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం చదివినప్పుడు నాకిది బాగా అర్థమైంది. మంచం, విశ్రాంతి, మెలకువ, కల లాంటి మాటల జాబితా వినిపించారు. ‘నిద్ర’ అన్న మాట అందులో లేదు. అయినా విన్నామని చాలామంది గట్టిగా చెప్పారు. చుట్టూ ఉన్నవన్నీ కలిసి మధ్యలో లేనిదాన్ని పుట్టించాయి.

ఇంకా ఉంది. పిల్లవాడు కూడా లేడు. అది అమ్మాయి, జుట్టు కత్తిరించుకున్న అమ్మాయి. అట్ట నీలం కాదు, ముదురు ఆకుపచ్చ. మేక మాత్రం ఉంది. నోట్లో మ్యాపు కూడా, సరిగ్గా నాకు గుర్తున్నట్టే, ఎడమ పక్కకి వేలాడుతూ.

అందుకే వెతికేవాళ్లకి నేను మొదట చెప్పేది, ఏది ఎంత గట్టిగా గుర్తుందో దాన్ని బట్టి నమ్మకం పెట్టుకోవద్దని. ఏ కథలోనైనా ఉండగలిగే సంగతిని అనుమానించాలి. ఇలాంటిది ఎవరైనా ఊహించుకుంటారా అనిపించే విడ్డూరమైన సంగతిని పట్టుకోవాలి. లైట్‌హౌస్ ఎక్కడైనా ఉంటుంది. మ్యాపు తినే మేక అన్ని చోట్లా ఉండదు. రంగు, పాత్ర ఆడా మగా, పాత్రల వయసు, ఇవి చాలా తేలిగ్గా తారుమారవుతాయి.

పేరు విషయంలో చిన్న ఆశ ఉంది. ‘నోటి దాకా వచ్చింది, బయటికి రావట్లేదు’ అనే స్థితిని 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ పరీక్షించారు. అరుదైన మాటల అర్థం చదివి వినిపించి, ఆ మాటేమిటో చెప్పమన్నారు. మాట దొరకని స్థితిలో కూడా అది ఏ అక్షరంతో మొదలవుతుందో, ఎంత పొడవు ఉంటుందో చాలాసార్లు సరిగ్గానే చెప్పగలిగారు. కాబట్టి ‘పేరు రెండు ముక్కలేననుకుంటా, మొదటిది మ తోనో ఏమో’ అనిపిస్తే అది పనికిమాలిన ఊహ కాదు. రాసిపెట్టుకోవాలి.

కథ కంటే నాకు ఎక్కువగా ఉపయోగపడింది పుస్తకం ఒంటి తీరు. అది అడ్డంగా పొడవుగా ఉండేది, ఒళ్లో పెట్టుకుంటే రెండు మోకాళ్లూ దాటిపోయేది. ఇంకొకటి, రెండు పేజీలు రంగుల్లో ఉంటే తర్వాతి రెండు పేజీలు నలుపు తెలుపుల్లో ఉండేవి, మళ్లీ రంగులు. చిన్నప్పుడు నలుపు తెలుపు పేజీలు గబగబా తిప్పేసేవాణ్ని. దీనికి కారణం ప్రెస్‌లో ఉంది. పెద్ద కాగితానికి ఒకవైపు రంగుల్లోనూ, రెండోవైపు నల్ల సిరాతోనూ అచ్చువేస్తే ఖర్చు తగ్గుతుంది. ఆ కాగితాన్ని మడిచి కుట్టినప్పుడు రంగు, నలుపు జంటలు జంటలుగా మారుతూ వస్తాయి. రంగుల అచ్చు ఖరీదుగా ఉన్న రోజుల్లో పిల్లల బొమ్మల పుస్తకాలు చాలా ఇలా వచ్చేవి. అంటే నా వేళ్లకి గుర్తున్న ఆ పేజీల వరస, పుస్తకం వయసు చెప్పేసింది. నేను చదివిన నాటికే అది పాతది. అప్పటిదాకా నేను పుట్టిన తర్వాత వచ్చిన పుస్తకాల్లో వెతుకుతూ ఏళ్లు పోగొట్టుకున్నాను. ఐఎస్‌బీఎన్ అనే పుస్తకాల గుర్తింపు నంబరు అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది 1970లో. అంతకు ముందు అచ్చయి, మళ్లీ ముద్రణకి నోచుకోని పుస్తకానికి ఆ నంబరే ఉండదు. నంబరు అడిగే చోట్ల అలాంటి పుస్తకం అసలు లేనట్టే.

కాబట్టి కథ గుర్తుతెచ్చుకునే ముందు, చదివిన చోటు గుర్తుతెచ్చుకోండి. సొంతదా, ఎవరైనా ఇచ్చిందా, తిరిగి ఇచ్చేయాల్సి వచ్చిందా? మీరే చదివారా, ఎవరైనా చదివి వినిపించారా? ఎంత బరువు? అక్షరాలు పెద్దవా? పక్కన ఇంకే పుస్తకాలుండేవి?

ఇంకొకరిని అడిగేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అడిగే ముందే గుర్తున్నదంతా కాగితం మీద పెట్టేయాలి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్లు ఢీకొనే ఫిల్మ్ చూపించి ఒక ప్రశ్న వేశారు. కొందరిని కార్లు తగిలినప్పుడు ఎంత వేగంగా ఉన్నాయని, కొందరిని నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు ఎంత వేగంగా ఉన్నాయని అడిగారు. వారం తర్వాత, పగిలిన అద్దం చూశారా అని అడిగితే, మొదటి రకం ప్రశ్న విన్నవాళ్లకంటే రెండో రకం విన్నవాళ్లలో ఎక్కువమంది చూశామన్నారు. నిజానికి అందులో పగిలిన అద్దమే లేదు. ఒక్క మాటకే జ్ఞాపకం అంత మారితే, ఎవరో ఫోన్‌లో ‘ఇదేనా?’ అంటూ అట్ట బొమ్మ పంపిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. నాకు జరిగింది. ఒక స్నేహితుడు చూపించిన నీలం అట్ట పుస్తకం అదేనని నెల రోజులు నమ్మాను. తెప్పించి చూస్తే అందులో మేకే లేదు. నా నీలం రంగు బహుశా ఆ నెలలోనే పుట్టి ఉంటుంది.

ఇప్పుడు చాలామంది ఏఐ చాట్‌బాట్‌ని అడుగుతున్నారు. అడగడంలో తప్పులేదు. కానీ అది లేని పుస్తకానికి కూడా చక్కని పేరు, రచయిత, కథ అల్లి చెప్పగలదు. పైగా మనం చెప్పిన సంగతులనే తిప్పి చెబుతుంది కాబట్టి ఆ కథ మనకి నిజమనిపిస్తుంది. అది చెప్పిన పేరు ఏదైనా క్యాటలాగ్‌లో కనబడేవరకు నమ్మవద్దు. పూర్తి పాఠంలో వెతికే సౌకర్యాలు, 2004లో మొదలైన గూగుల్ బుక్స్ లాంటివి, చాలా మేలు చేస్తాయి. అయితే అవి పుస్తకంలో ఉన్న మాటలని వెతుకుతాయి. మన జ్ఞాపకంలో ఉన్నది చాలాసార్లు బొమ్మ. మేక మ్యాపు తింటోందని నా పుస్తకంలో ఎక్కడా రాసిలేదు. ‘దారి ఎటో ఇక ఎవరికీ తెలియదు’ అని మాత్రం ఉంది. మిగతాది బొమ్మలో ఉంది.

లైబ్రరీలు చేయగలిగింది ఒకటుంది, అది కొత్త ఆలోచన కూడా కాదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1965లో పిల్లల పుస్తకాల కార్డుల మీద చిన్న సారాంశం, పిల్లలకి తగిన విషయ శీర్షికలు చేర్చడం మొదలుపెట్టింది. ఆ పని అన్ని భాషల్లోనూ జరగాలి. సారాంశం ఎలా రాస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. పుస్తకం వెనక అట్ట మీద సాధారణంగా ఉండేది ‘స్నేహం విలువ, ధైర్యం గురించి చెప్పే హృద్యమైన కథ’. ఆ మాటలతో ఏ పుస్తకాన్నీ ఎవరూ వెతకరు. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరికీ స్నేహం విలువ గుర్తుండదు, మేక గుర్తుంటుంది. సారాంశంలో మేక ఉండాలి, మ్యాపు ఉండాలి, జుట్టు కత్తిరించుకున్న అమ్మాయి ఉండాలి. బొమ్మల్లో మాత్రమే కనిపించేవి కూడా రాయాలి. పిల్లల పుస్తకాలు చదివి చదివి చినిగిపోతాయి, లైబ్రరీలు వాటిని తీసిపారేస్తాయి. అంతకు ముందే ఆ రెండు వాక్యాలు ఎక్కడో ఒకచోట చేరితే, పుస్తకం పోయినా ఆనవాలు మిగులుతుంది.

నా పుస్తకం చివరికి ఒక పాత పుస్తకాల వ్యాపారి వల్ల దొరికింది. పిల్లవాణ్ని, నీలం అట్టని, లైట్‌హౌస్‌ని పక్కనపెట్టి మేక, మ్యాపు, అడ్డం సైజు, రంగు పేజీల వరస మాత్రమే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, నేను చదివింది అనువాదం అయి ఉంటుందన్నారు. పిల్లల పుస్తకాల అనువాదాల్లో పాత్రల పేర్లే కాదు, పుస్తకం పేరు కూడా మార్చేయడం మామూలే. మూలం ఇంకో పేరుతో, ఇంకో భాషలో ఉంది. రెండు వారాల్లో ఆయన దగ్గర్నుంచి అట్ట ఫొటో, వెనకే పుస్తకం వచ్చాయి.

నా పుస్తకంలో చిరిగిపోయిన చివరి పేజీలు ఇందులో ఉన్నాయి. ముగింపు నాకు తెలిసిందే, చిన్నప్పుడు అమ్మ నోటితో చెప్పేది. మేక ఈదుకుంటూ వచ్చి మళ్లీ పడవెక్కుతుంది. అచ్చులో అలా లేదు. అమ్మాయి ఒక్కతే పడవలో తిరిగొస్తుంది, మేక దీవి మీద నిలబడి చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మ ఫోన్‌లో అమ్మకి చూపించి, పేజీలు లేవని నువ్వు వేరే కథ చెప్పావు కదా అన్నాను. అమ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "పేజీలు లేకపోవడమేంటి? ఉండేవి. ఒకసారి చదివితే రాత్రంతా ఏడ్చావు. అప్పట్నుంచి అక్కడికి రాగానే నేనే పుస్తకం మూసేసేదాన్ని" అంది.