మా పాత టీవీ కాలువలో తేలింది

ఈ ఉదయం పాలకని కాలువ గట్టు మీదుగా వస్తుంటే, నీళ్లు కట్టేసి పది రోజులైన కాలువ అడుగున, తూటికాడల పక్కన మా టీవీ కనిపించింది. మాదేనని ఎలా తెలిసిందంటారా? పక్కనే పడి ఉన్న ప్లాస్టిక్ డొక్క మీద మా అబ్బాయి చిన్నప్పుడు అంటించిన క్రికెట్ స్టిక్కరు ఇంకా చెక్కుచెదరలేదు. నిన్ననే 150 రూపాయలకు, మైకులో అరుచుకుంటూ వచ్చిన పాత సామాన్ల ఆటోకు ఇచ్చాను. ఆ ఆటో కుర్రాడు పిక్చర్ ట్యూబు మెడ విరగ్గొట్టి, దాని చుట్టూ ఉన్న రాగి కాయిలు ఊడబెరుక్కుని, మిగిలినదాన్ని కాలువలోకి దొర్లించి పోయాడు. మధ్యాహ్నం మళ్లీ కనబడితే నిలదీశాను. "గాజు తూకానికి రాదండి, మేం మాత్రం ఏం చేసుకుంటామండీ, ఆయ్" అన్నాడు. అతని చేతికి గుడ్డపీలిక కట్టి ఉంది. అటుపై నాకు మాట రాలేదు.

ఆ ట్యూబులో గరాటులా ఉండే వెనుక భాగం ఎక్స్‌రే కిరణాలు బయటికి రాకుండా సీసమనే విషలోహం కలిపి పోసిన గాజు. కాలువ వదిలాక మన మంచినీళ్ల చెరువు నిండేది ఈ నీళ్లతోనే అన్న సంగతి ఈ కాలువల సీమలో పుట్టినవారికి నేను చెప్పనక్కర్లేదు.

ఇంతకీ ఆ టీవీ మా అటక మీద అన్నేళ్లు ఎందుకు మగ్గిందో చెప్పాలి. ఏళ్ల కిందట ఓ దసరాకు కొత్తది కొన్నప్పుడు కొట్టువారు ఎక్స్ఛేంజ్ పేరిట వెయ్యి రూపాయలు తగ్గించి, బిల్లు చేతిలో పెట్టి, "పాతది మీ దగ్గరే ఉంచుకోండి" అని నవ్వారు. మార్పిడి అంటే రెండు వస్తువులు చేతులు మారడమని చదువుకున్నవాణ్ని, నా అజ్ఞానానికి సిగ్గుపడి ఇంటికి వచ్చాను.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. అంతకుముందు 21 రకాల వస్తువులకే వర్తించే బాధ్యతను 106 రకాలకు పెంచారు. తయారీదారు తాను ఎప్పుడో అమ్మిన సరుకు బరువులో మొదట 60 శాతం, తరువాత 70, ఆపై 80 శాతం మేర రీసైక్లింగ్ చేయించాలి. స్వయంగా వచ్చి మోసుకుపోనక్కర్లేదు. రీసైక్లింగ్ చేసేవారి దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కుంటే చాలు. కాగితం మీద లెక్క సరిపోతుంది, కాలువలో ట్యూబు ఉండిపోతుంది.

నేనూ ఊరుకోలేదు. డబ్బా మీద ఉన్న కంపెనీ ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే పిన్‌కోడ్ నొక్కమని, నొక్కాక మీ ప్రాంతంలో సేకరణ కేంద్రం లేదని యంత్రం ఎంతో మర్యాదగా చెప్పింది. లంక గ్రామాలకు సైతం పంటు మీద దాటించి వాషింగ్ మెషీన్లు చేర్చేవారికి, అమ్మేటప్పుడు ఏనాడూ అడ్డురాని పిన్‌కోడ్ తిరిగి తీసుకునేటప్పుడే అడ్డొచ్చింది.

అసలు వస్తువులు ఇన్ని పాతబడేలా చేసిందెవరు? మా సెంటర్లో రేడియో రిపేరు చేసే పెద్దాయన ఒకప్పుడు ఉబ్బిన కెపాసిటర్ పీకి ఇరవై రూపాయలకు కొత్తది అతికించేవారు. ఆ టీవీయే మూడుసార్లు ఆయన బల్లెక్కి దిగింది. మొన్న మూడేళ్లయినా నిండని మా ఫ్రిజ్ ఆగిపోతే, కంపెనీ మనిషి మూత విప్పి లోపలికి తొంగిచూసి, "బోర్డు మొత్తం మార్చాలి, ఏడు వేలవుతుంది, దానికన్నా కొత్తది తీసుకోండి" అన్నాడు. చెడిందేమిటని అడిగితే బోర్డన్నాడు. బోర్డులో ఏమిటని అడిగితే నన్నో పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. ఆ ఫ్రిజ్ కూడా రేపో మాపో ఆటో ఎక్కవలసిందే. కంప్రెసర్ కోసం పట్టకారుతో గొట్టం కత్తిరించగానే అందులోని గ్యాసు బుస్సుమంటుంది, అంతే సంగతులు.

ట్యూబును గోనెసంచిలో కట్టి ఇంటికి మోసుకొచ్చాను. పగిలిన గాజు ఇంట్లో పెట్టకూడదని మా అమ్మ గోల పెడుతుంటే అరుగు చివర పెట్టాను. ఎక్కడికి పంపాలో చెప్పమని కంపెనీకి మళ్లీ రాశాను. ఇందాకే జవాబు వచ్చింది. పిన్‌కోడ్ అడిగారు.