కొన్నవాడికే తాళమా?

పైరసీ డిస్క్ ఏ ప్లేయర్‌లో పెట్టినా పాడేది. షాపులో పూర్తి ధర ఇచ్చి కొన్న అసలు సీడీయే మొరాయించేది. ఇరవై ఏళ్ల కిందట కాపీ ప్రొటెక్షన్‌తో వచ్చిన మ్యూజిక్ సీడీల కథ ఇంతే. మన ఊళ్ల బస్టాండ్ల దగ్గర 150 పాటల ఎంపీ3 డిస్కులు గుట్టలుగా అమ్ముడవుతున్న రోజులవి. వాటిని అడ్డుకోవాలన్న కంపెనీల ఆరాటాన్ని తప్పుపట్టలేం. కానీ వాళ్లు వేసిన తాళం ఆ గుట్టల జోలికే పోలేదు. బిల్లు కట్టి ఇంటికి తెచ్చుకున్నవాడి చేతికే పడింది.

అదెలాగో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఖాయం చేసుకున్న 'రెడ్ బుక్' అనే సీడీ ప్రమాణంలో కాపీని అడ్డుకునే గట్టి ఏర్పాటేదీ లేదు. అందుకని తాళం వేయాలనుకున్నవాళ్లు ఆ ప్రమాణాన్నే తప్పారు. డిస్క్‌లోని పాటల పట్టికను కావాలని తప్పుగా రాశారు. కొన్ని రకాల్లో, గీతలు పడ్డా పాట ఆగకుండా కాపాడే దిద్దుబాటు సంకేతాలనే చెడగొట్టారు. మామూలు ప్లేయర్ ఈ తప్పుల్ని పట్టించుకోకుండా పాడేస్తుంది, కంప్యూటర్ డ్రైవ్ మాత్రం తికమకపడి ఆగిపోతుంది. ఇదీ వాళ్ల లెక్క. తీరా చూస్తే చాలా కార్లలో, డీవీడీ ప్లేయర్లలో ఉన్నదీ కంప్యూటర్ రకం డ్రైవే. అవీ ఆగిపోయాయి. ఇలాంటి డిస్కుల మీద సీడీ లోగో వేయడం కుదరదని ఫిలిప్స్ అభ్యంతరం చెప్పింది. సీడీని పుట్టించిన కంపెనీయే ఇది సీడీ కాదంటే, సీడీ అని డబ్బు తీసుకున్న షాపువాడు ఏం జవాబు చెప్పాలి?

ఇంత చేసినా తాళం నిలిచిందా అంటే అదీ లేదు. 2002లో ఒక రకం తాళం, డిస్క్ అంచున స్కెచ్ పెన్‌తో గీత గీస్తే ఊడిపోయింది. 2003లో, కంప్యూటర్‌లోకి తనంతట తానే ఎక్కే సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన మరో రకాన్ని ఓడించడానికి డిస్క్ పెట్టేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుంటే చాలని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు చూపించారు. ఆ తాళం చేసిన కంపెనీ అతని మీద కోటి డాలర్ల దావా వేస్తామని బెదిరించి, వెంటనే వెనక్కి తగ్గింది. షిఫ్ట్ కీ నొక్కడం నేరమని కోర్టులో వాదించడం ఎవరికైనా కష్టమే మరి.

అసలు బండారం 2005 అక్టోబరు 31న బయటపడింది. మార్క్ రసినోవిచ్ అనే నిపుణుడు తన కంప్యూటర్‌లో గుర్తు తెలియని ఫైళ్లు దాక్కుని ఉన్నాయని గమనించి ఆరా తీస్తే, అవి సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీ నుంచి వచ్చినవని తేలింది. 'ఎక్స్‌సీపీ' అనే ఆ సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించకుండా దాక్కుంటుందని, తీసేయడానికి దారి ఉండదని లైసెన్సు పత్రంలో ఎక్కడా లేదు. చేత్తో తీసేస్తే సీడీ డ్రైవే పనిచేయడం మానేసింది. అది దాక్కునే చోటే వైరస్‌లు రాసేవాళ్లకు ఆశ్రయమైంది. తీసేయడానికని కంపెనీ ఇచ్చిన సాధనం అంతకంటే పెద్ద కన్నం పెట్టింది. ఇలా దాక్కుని పనిచేసే సాఫ్ట్‌వేర్‌నే రూట్‌కిట్ అంటారు. రూట్‌కిట్ అంటే ఏమిటో చాలామందికి తెలియనే తెలియదు, ఇక బాధెందుకని ఆ కంపెనీ పెద్ద ఒకాయన రేడియోలో అనేశారు. సుమారు 50 ఆల్బమ్‌ల డిస్కులను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2007లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ పడి, కంప్యూటర్ పాడైనవారికి 150 డాలర్ల దాకా చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత సీడీల మీద తాళాలు కనుమరుగయ్యాయి. 2009లో ఆపిల్ తన ఐట్యూన్స్ స్టోర్ పాటలకూ తాళం తీసేసింది. దానివల్ల పాటల వ్యాపారమేమీ మునిగిపోలేదు.

ముగిసిపోయిన కథే కదా, ఇప్పుడెందుకు అంటారేమో. తాళం పోలేదు, చోటు మారింది. అలిపిరి మెట్లెక్కుతూ వినడానికి యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న కీర్తనలు ఫోన్‌లోనే ఉంటాయి, కానీ చందా గడువు అయిపోయిన రోజున పాడవు. కొన్ని యాప్‌లైతే చందా కడుతున్నా సరే, నెలకోసారి ఇంటర్నెట్‌కు కలపాలంటాయి. 2024లో రెస్సో యాప్ మన దేశంలో మూతపడింది, అదే ఏడాది వింక్ మ్యూజిక్ కూడా. ఏళ్ల తరబడి ఏర్చి కూర్చుకున్న పాటల జాబితాలను శ్రోతలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. నెలకు కొద్ది రూపాయలకే లక్షల పాటలు వినడం మంచి బేరమే, దాన్ని కాదనం. అద్దె అని చెప్పి అద్దెకిస్తే ఎవరికీ పేచీ లేదు. 'కొనండి' అని బటన్ పెట్టి లోపల అద్దె షరతులు రాయడంతోనే మా పేచీ. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ వస్తువు అమ్మేవాళ్లు మీరు కొంటున్నది వాడుకునే అనుమతి మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పాలి. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఆన్‌లైన్ మాయలను 13 రకాలుగా గుర్తించి నిషేధించింది. ఈ 'కొనండి' బటన్‌ను పద్నాలుగోదిగా చేర్చడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

కాపీ చేస్తే జైలుకు పోతామేమోనన్న టెన్షన్ చాలామందిలో ఉంది. మన కాపీరైట్ చట్టం అంత కఠినంగా లేదు. సొంత వాడకానికి న్యాయమైన మేరకు ఉపయోగించుకోవడం 52వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన కాదు. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్, హక్కులను కాజేసే ఉద్దేశంతో తాళం పగలగొట్టినవారికే రెండేళ్ల దాకా జైలు శిక్ష పెట్టింది. కారులో వినడానికి తన సీడీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునే మాస్టారు దాని గురి కాదు. ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఇంకొకటుంది. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో వదులుకోలేని వాటా ఇచ్చింది కూడా ఆ 2012 సవరణే. కళాకారుల కోసమే తాళాలు అన్న కంపెనీల మాటను ఈ వెలుగులో చూడాలి. చట్టంలో లోటు వేరే చోట ఉంది. సొంత వాడకానికి తాళం తీసి ఇమ్మని కంపెనీని అడిగే హక్కు కొన్నవాడికి ఎక్కడా రాయలేదు. అనుమతి ఉంది, దారి లేదు.

తిరుపతికి ఈ విషయంలో మిగతా ఊళ్ల కంటే ఎక్కువ పట్టింపు ఉండాలి. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించాడంటారు. మనకు దక్కినవి సుమారు 14,000. అవైనా దక్కాయంటే తాళ్లపాకవారు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల భాండారంలో భద్రం చేయడం వల్లే. ఆ రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. సాహిత్యం మిగిలింది, వరుస పోయింది. ఈ రోజు మనం పాడుకుంటున్న వరుసలు చాలావరకు గత వంద ఏళ్లలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు కట్టినవి. 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఒక్కరే 600కు పైగా కీర్తనలకు బాణీ కట్టారు. కొన్నింటికి స్వరలిపి ఉండొచ్చు. కానీ గమకం, గొంతు, పదం విరిచే తీరు దక్కేది రికార్డింగుల్లోనే. అవి క్యాసెట్లలో, సీడీల్లో ఇళ్ల అలమరాల్లో పడి ఉన్నాయి. కొత్త లాప్‌టాప్‌లలో డ్రైవ్ లేదు, కొత్త కార్లలో ప్లేయర్ లేదు, మన ఎండలకు డిస్క్ ఎంతకాలం ఆగుతుందో ఎవరూ హామీ ఇవ్వరు. భక్తి సీడీలకు తాళాలున్నాయని మేము అనడం లేదు. తాళం ఉన్నా లేకున్నా, కాపీ అంటేనే దొంగతనం అన్న భయం జనంలో పాతుకుంటే ఈ వరుసలు మరో తరానికి అందవు.

పౌర గ్రంథాలయాల సంగతి ఇంకా విచిత్రం. తన దగ్గరున్న రచనను భద్రపరచడానికి డిజిటల్ రూపంలోకి మార్చుకునే వీలు వ్యాపారేతర గ్రంథాలయానికి చట్టం ఇచ్చింది. కానీ దాని దగ్గరున్న కాపీ డిజిటల్ కానిదై ఉండాలన్న షరతు పెట్టింది. పాత గ్రామఫోన్ రికార్డుకు, క్యాసెట్‌కు ఈ వెసులుబాటు వర్తిస్తుంది. సీడీ డిజిటల్ కాబట్టి దానికి వర్తించదు! సీడీలు చిరంజీవులని ఆ 2012 సవరణ రాసినవాళ్లు అనుకున్నారో ఏమో. 1959 నుంచి సంగీత కళాశాల నడుపుకుంటున్న ఊరి నుంచి ఈ షరతు తీసేయమని పార్లమెంటుకు అర్జీ వెళ్లాలి. మన ఎంపీలు ఈ విషయాన్ని సభలో ఎత్తాలి. కొన్నవాడు తన పాటను మరో పరికరంలోకి మార్చుకోవడానికి కంపెనీ దారి చూపాలన్న నిబంధనను 65ఎ సెక్షన్‌కు జతచేయమని కూడా అడగాలి.

ఈలోగా కొన్నవాళ్లు చేయగలిగింది లేకపోలేదు. కొన్న పాట పాడకపోతే, కొన్నామనుకున్నది మాయమైపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ముంబైలో ఉన్నా కేసు మీరు నివసించే చోటే వేయొచ్చు. చిత్తూరులోనూ తిరుపతిలోనూ వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపైతే కోర్టు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. బిల్లు, కొన్న రోజున తెర మీద 'కొనండి' అని కనిపించిన పేజీ ఫొటో మాత్రం దాచుకోండి.