చూడనిది చూశానంటే

ఒక బల్ల, దానిమీద మంచినీళ్ల గ్లాసు, కొన్ని కాగితాలు, వెనక కుర్చీలో కూర్చున్న భారీకాయుడు. ఆపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ కన్నుమూసిన కొద్ది రోజులకే, 2011 అక్టోబరులో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌కు వచ్చిన అమెరికా రంగస్థల కళాకారుడు మైక్ డైసీ ఏకపాత్ర ప్రదర్శనకు ఇంతకు మించిన హంగు లేదు. చైనాలోని షెన్‌జెన్ వెళ్లి, ఆపిల్ పరికరాలు తయారుచేసే ఫాక్స్‌కాన్ కర్మాగారం గేటు ముందు నిలబడి కార్మికుల గోడు విని వచ్చానన్నది ఆయన చెప్పిన కథ.

2012 జనవరిలో ఆ కథలో కొంత భాగాన్ని ‘దిస్ అమెరికన్ లైఫ్’ రేడియో కార్యక్రమం ప్రసారం చేసింది. ఆయన వెంట నడిచిన దుబాసీని ఒక విలేకరి వెతికి పట్టుకుని ప్రశ్నించాక, మార్చిలో ఆ ప్రసారాన్ని ఉపసంహరించుకుంది. గేటు దగ్గర తుపాకుల కాపలా లేదని, చెయ్యి నలిగిన వృద్ధుడు ఐప్యాడ్‌ను తాకి మురిసిపోయిన ఘట్టం జరగనే లేదని ఆ దుబాసీ చెప్పారు. విషరసాయనం బారిన పడిన కార్మికులను షెన్‌జెన్‌లో కలిశానన్న మాటా నిలబడలేదు.

మమ్మల్ని ఎక్కువగా బాధించేది ఈ చివరి అబద్ధమే, ఎందుకంటే ఆ కార్మికులు కల్పితం కాదు. వాళ్లు పనిచేసింది అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరంలో, సుజౌలో ఆపిల్‌కు తెరలు సరఫరా చేసే విన్‌టెక్ కర్మాగారంలో. ఆల్కహాల్ కంటే తొందరగా ఆరిపోతుందని, ఫోన్ తెరలు తుడవడానికి అక్కడ ఎన్-హెక్సేన్ అనే రసాయన ద్రావకం వాడించారు. నరాలు దెబ్బతిని కార్మికుల చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కాయి, నడక తడబడింది. అలా 137 మంది అస్వస్థులయ్యారని 2011 నాటి నివేదికలో ఆపిల్ సంస్థే ఒప్పుకుంది. అదే ఏడాది మేలో చెంగ్డూ ఫాక్స్‌కాన్‌లో అల్యూమినియం ధూళి పేలి కార్మికులు చనిపోయారు. 2010 నాటి కార్మికుల వరస ఆత్మహత్యల తర్వాత, పైనుంచి దూకేవాళ్లను ఆపడానికి షెన్‌జెన్ ఫాక్స్‌కాన్ భవనాలకు కట్టిన వలలు లోకమంతా చూసింది. ఇన్ని నిజాలుండగా లేని తుపాకులెందుకు?

రంగస్థలానికి ఆమాత్రం స్వేచ్ఛ ఉండదా అంటారు. ఉంటుంది. మన పరిషత్తు వేదికమీద దుర్యోధనుడి ఏకపాత్ర వేసేవాణ్ణి మయసభకు నువ్వెప్పుడు వెళ్లావని ఎవరూ నిలదీయరు. డైసీ ఏ వేషమూ కట్టలేదు. తన పేరుతోనే, కళ్లారా చూశానన్నారు. సాక్షి ఒక్కచోట బొంకితే చాలు, మిగిలిన వాఙ్మూలమంతా కొట్టిపారేయడానికి ఎదుటి పక్షం వకీలు కాచుకునే ఉంటాడు. శ్రీసిటీలో, కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ యూనిట్లు వెలిశాక ఇది మనకు పరాయి సంగతేమీ కాదు. రేపు అక్కడినుంచి ఒక నిజమైన ఫిర్యాదు వస్తే, దాన్నీ కట్టుకథ అనేందుకు ఇలాంటి ఉదంతాలే అక్కరకొస్తాయి.

వివాదాస్పద ఘట్టాలను తొలగించి, 2012 వేసవిలో డైసీ వాషింగ్టన్‌లో మళ్లీ వేదికెక్కారు. అవి లేకుండానే ప్రదర్శన నడిచింది.